టీచరమ్మ విమానం ఎక్కేముందు...

విదేశంలో ఇంగ్లిష్ చెప్పే కొలువు. వినడానికి ఎంత బాగుందో! కాకపోతే సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. పిల్లలకు రోజూ ప్రశ్నలడగడం నేర్పే పంతులమ్మలు సైతం తమ దగ్గరికొచ్చేసరికి మొహమాటపడేది అక్కడే!

రాత్రి తొమ్మిదిన్నర. భోజనాలు అయిపోయాయి. కంచాలు తీసేసిన బల్లమీద ఓ కాగితం ఉంది. రెండే పేజీలు. పైన స్కూలు గుర్తు, అడుగున సంతకానికి ఖాళీ గీత.

ఆమె తెనాలిలో ఓ ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్లుగా ఇంగ్లిష్ చెబుతోంది. ఎమ్మే, బీఈడీ. నెలకు 22 వేలు. భర్తది ఎరువుల కొట్టు. రైతులకు అరువులు ఇవ్వడమే తప్ప, అవి తిరిగి వసూలయ్యేది తక్కువ. కొడుకు ఏడో తరగతి. ఇంటి అప్పు ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి. అలాంటి ఇంటికి షార్జాలోని ఓ సీబీఎస్‌ఈ స్కూలు నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. నెలకు 4000 దిర్హాములు!

'సంతకం పెట్టెయ్యమ్మా. ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందా?' అన్నారు మావగారు.

'మరి ఏజెంటుకి లక్షన్నర ఎక్కణ్నుంచి తెస్తాం నాన్నా?' భర్త అనుమానం.

అత్తగారు ఏమీ అనలేదు. మెళ్లోని అయిదు కాసుల గొలుసు తడుముకుని చూసుకుందంతే. ఆ చెయ్యి ఎటు వెళ్లిందో కోడలు గమనించింది.

ఆమె పేరు ఏదైనా కావచ్చు. ఊరు తెనాలి కాకపోతే సిద్దిపేట, అదీ కాకపోతే అనకాపల్లి. ఇలాంటి కాగితం చుట్టూ ఇలాంటి రాత్రులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఇళ్లలో గడుస్తుంటాయి. ఆ ఇళ్లన్నిటికీ పనికొచ్చే సంగతి ఒకటే... సంతకానికి తొందరేం లేదు. ముందు ఆ కాగితాన్ని ఆసాంతం చదవాలి. రాసినదాన్నీ, రాయకుండా వదిలేసినదాన్నీ!

ఎక్కడ పిలుపు... ఎక్కడ తలుపు?

ఇంగ్లిష్ వస్తే చాలు, ప్రపంచంలో ఎక్కడైనా టీచరు కావచ్చన్నది ఓ భ్రమ. చాలా దేశాలు ముందు చూసేది డిగ్రీని కాదు, పాస్‌పోర్టుని. దక్షిణ కొరియానే తీసుకుంటే, అక్కడ భాష నేర్పేవారికిచ్చే ఈ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా... ఈ ఏడు దేశాల పౌరులకే. అయితే 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం పుణ్యమా అని మనవాళ్లకో చిన్న సందు దొరికింది. ఇంగ్లిష్‌లో డిగ్రీ, టీచరు అర్హత ఉన్న భారతీయులు ప్రభుత్వ పాఠశాలల్లో సహాయ ఇంగ్లిష్ టీచర్లుగా ఆ వీసాకి అర్హులే. 'ప్రైవేటు ట్యూషన్ సెంటర్లో ఉద్యోగం, ఈ-2 వీసా' అని ఎవరైనా మనవాళ్లను ఊరిస్తే మాత్రం అనుమానించాల్సిందే.

థాయ్‌లాండ్, వియత్నాంలలో మనవాళ్లకి తలుపు తెరిచే ఉంది, కానీ పరీక్ష రాసి లోపలికి వెళ్లాలి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు తమకా భాష వచ్చని టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షల మార్కులతో నిరూపించుకోవాలి. అక్కడ మింగుడుపడని మరో సంగతీ ఉంది. ఒకే స్టాఫ్‌రూములో, ఒకే తరగతికి, ఒకే పాఠం చెప్పే ఇద్దరికి పాస్‌పోర్టుని బట్టి జీతం మారిపోతుంటుంది. ఇరవయ్యేళ్ల అనుభవమున్న మన టీచరమ్మ కన్నా నిన్నగాక మొన్న డిగ్రీ పూర్తిచేసిన లండన్ కుర్రాడికి ఎక్కువ ఇవ్వజూపినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మాల్దీవులకు మనదేశం నుంచి టీచర్లు వెళ్లడం దశాబ్దాలుగా ఉన్నదే. అక్కడి బళ్లలో చదువు ఇంగ్లిష్ మాధ్యమంలోనే సాగుతుంది. అయితే ఉద్యోగం రాజధాని మాలేలోనే దొరుకుతుందన్న హామీ లేదు. పడవెక్కితే తప్ప చేరుకోలేని చిన్న దీవిలో కావచ్చు. జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, దాన్ని డాలర్లుగా మార్చి ఇంటికి పంపే వీలుందా అన్నది అక్కడ తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న. డాలర్ల కొరతతో అక్కడి బ్యాంకులు బయటికి పంపే సొమ్ముకి పరిమితులు పెట్టిన సందర్భాలున్నాయి మరి.

ఇథియోపియాకి హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచే భారతీయ ఉపాధ్యాయులు వెళ్తున్నారు. ఇక గల్ఫ్ సంగతి సరేసరి. సీబీఎస్‌ఈ గుర్తింపుతో విదేశాల్లో నడుస్తున్న స్కూళ్లు 200కు పైనే ఉన్నాయి. వాటిలో అత్యధికం గల్ఫ్‌లోనివే. మన సిలబస్, మన పుస్తకాలు, మన పిల్లలు. మన టీచర్లకు 'మీ మాతృభాష ఏంటి?' అన్న ప్రశ్న అంతగా ఎదురుకానిది అక్కడే. అక్కడి భారతీయ పాఠశాలల విద్యాసంవత్సరమూ ఏప్రిల్‌లోనే మొదలవుతుంది కాబట్టి, సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచే ఇంటర్వ్యూల సందడి కనిపిస్తుంది.

అన్నట్టు, హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో మొదలైంది. 2007లో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ అయ్యింది. ఇంగ్లిష్ ఎలా బోధించాలో నేర్పేందుకు అక్కడ ప్రత్యేకంగా పీజీ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. కేంద్ర ప్రభుత్వ సహకార పథకం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల వాళ్లు ఇంగ్లిష్ శిక్షణకు అక్కడికే వస్తుంటారు. ప్రపంచం నేర్చుకోవడానికి మన తార్నాకకి వస్తోంటే, ఆ పక్క సందులోనే 'వారంలో ఆన్‌లైన్ టెఫెల్ సర్టిఫికెట్, విదేశీ ఉద్యోగం గ్యారంటీ' బోర్డు చూసి డబ్బు కట్టేవాళ్లున్నారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్లన్నీ పనికిరావని కాదు. కానీ తరగతి గదిలో నిలబడి చెప్పించని శిక్షణకి మంచి స్కూళ్లు పెద్దగా విలువివ్వవు. పేరున్న కేంబ్రిడ్జి వారి సెల్టా కోర్సునే చూడండి. 120 గంటల శిక్షణలో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపించాల్సిందే.

డిగ్రీ ఉంది... ముద్ర ఏదీ?

ఆఫర్ రాగానే బట్టలు సర్దుకోవడం కాదు, సర్టిఫికెట్లు సర్దుకోవాలి. డిగ్రీ పట్టా నిజమైనదేనని ముందు రాష్ట్ర ప్రభుత్వం, ఆ తర్వాత విదేశాంగ శాఖ ధ్రువీకరించాలి. వెళ్లే దేశం అపోస్టిల్ ఒప్పందంలో ఉంటే ఆ ముద్రతో పని అయిపోతుంది. మనదేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది. ఒమన్, బహ్రెయిన్ ఎప్పుడో చేరాయి, సౌదీ అరేబియా 2022 డిసెంబరులో చేరింది. యూఏఈకి మాత్రం ఆ దారి లేదు. విదేశాంగ శాఖ తర్వాత ఇక్కడున్న వాళ్ల రాయబార కార్యాలయం, అక్కడికెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ... ఇన్ని మెట్లెక్కాలి. అపోస్టిల్‌కి మన విదేశాంగ శాఖ తీసుకునే రుసుము కాగితానికి 50 రూపాయలే. దానిపైన కాగితాలు తీసుకునే కేంద్రాల సేవా రుసుము స్వల్పంగా ఉంటుంది. 'అంతా మేం చూసుకుంటాం' అనే మధ్యవర్తులు వేలల్లో అడిగితే అది తిరుగుడు ఖర్చే తప్ప ప్రభుత్వ రుసుము కాదు. 2019 నుంచి ఈ పని హైదరాబాద్‌లోనే జరుగుతోంది, దిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు.

ఇక్కడే ఓ ముల్లుంది. పెళ్లయ్యాక, ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ ఎమ్మే పూర్తిచేసిన టీచరమ్మలు మన దగ్గర కోకొల్లలు. అందులో చాలా పట్టాలు దూరవిద్యలో వచ్చినవే. మన దగ్గర వాటికి విలువ ఉంది. కానీ గల్ఫ్ దేశాలు కొన్ని వాటిని అంగీకరించడానికి పేచీ పెడతాయి. చదువు రెగ్యులరా, దూరవిద్యా అన్నది విశ్వవిద్యాలయం నుంచి రాయించుకు రమ్మంటాయి. అందుకే ఇంటర్వ్యూలోనే 'నా ఎమ్మే దూరవిద్యలో చేసింది. మీ విద్యాశాఖ ఆమోదిస్తుందా?' అని చెప్పేయడం మంచిది. దాచిపెడితే ఉద్యోగంలో చేరాక ఆమోదం రాదు. ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అక్కడి ఉద్యోగం నిలవక, రెంటికీ చెడ్డ రేవడిలా మిగలాలి. తెనాలి టీచరమ్మది ఎమ్మే దూరవిద్యే. బీఏ, బీఈడీ మాత్రం రెగ్యులర్. ఆ మాట చెప్పడానికి ఆమె రెండ్రోజులు తటపటాయించింది. చెప్పాక, 'మాకు బీఏ, బీఈడీ చాలు. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా ఇస్తాం' అంది స్కూలు. తొమ్మిది, పది తరగతులు పోయాయి, ఉద్యోగం మిగిలింది!

లక్షన్నర ఎవరికి? ఎందుకు?

ఇక ఏజెంటు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు ఎవరైనా 1983 నాటి వలస చట్టం కింద కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుని ఉండాలి. నమోదైన వాళ్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. సేవా రుసుముగా ఆ ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ మొత్తం 30 వేల రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. అదీ రసీదు ఇచ్చి మరీ! లక్షన్నరలో మిగిలిన లక్షా పద్నాలుగు వేల చిల్లర ఎందుకని అడిగితే 'వీసా ఖర్చులండీ' అంటారు. యూఏఈ చట్టమైతే నియామకం ఖర్చులు యజమానే పెట్టుకోవాలంటోంది. ఉద్యోగి దగ్గర నేరుగా గానీ, చుట్టూ తిప్పి గానీ వసూలు చేయకూడదు. స్కూలు పేరు చెప్పి ఏజెంటు డబ్బడిగితే, ఆ స్కూలుకే మెయిల్ పెట్టి 'మీరు అడగమన్నారా?' అని తెలుసుకోవడం కన్నా తేలికైన పరీక్ష లేదు.

చదువుకున్నవాళ్లకి తెలియని కిటుకు మరొకటుంది. పదో తరగతి పాసైనవాళ్లకి మన పాస్‌పోర్టులో వలస తనిఖీ అక్కర్లేదు. తాపీమేస్త్రీ గల్ఫ్‌కి వెళ్తుంటే అతని ఒప్పందాన్ని ప్రభుత్వాధికారి ఓసారి చూసి పంపిస్తాడు. టీచరు ఒప్పందాన్ని ఎవరూ చూడరు. 'చదువుకుంది కదా, తనే చూసుకుంటుంది' అన్నది ప్రభుత్వం ఉద్దేశం. ఆ చదవాల్సిన రెండు పేజీల్ని చదవకుండా సంతకం పెడితే చదువుకున్న ఫలితం ఏముంది?

'ముందు విజిట్ వీసా మీద వచ్చేయండి, తర్వాత మారుస్తాం' అన్న మాట వినపడిందంటే ఆగిపోవాలి. పర్యటన వీసాతో వెళ్లి ఇంటర్వ్యూకి హాజరు కావడం వేరు, పాఠం చెప్పడం వేరు. అనుమతి లేకుండా పనిచేయించుకున్న యజమానికి యూఏఈలో లక్ష నుంచి పది లక్షల దిర్హాముల జరిమానా వేసేలా 2024లో చట్టం సవరించారు. అంత జరిమానాకి జడవనివాడు టీచరుకి జీతం ఎగ్గొట్టడానికి జంకుతాడా?

ఇంకో ప్రమాదం ఇంతకన్నా పెద్దది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కాంబోడియా వెళ్లి, సైబర్ మోసాలు చేసే ముఠాల చేతిలో చిక్కిన ఉత్తరాంధ్ర యువకుల ఉదంతాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఆ ముఠాలకు కావాల్సింది కంప్యూటరు, ఇంగ్లిష్ వచ్చిన వాళ్లే. స్కూలు పేరు చెప్పకుండా, పాఠం చెప్పించి చూడకుండా, వారంలో టికెట్ పంపిస్తామనే 'ఇంగ్లిష్ ట్రెయినర్' కొలువులకు దూరంగా ఉండటమే క్షేమం. అసలైన స్కూలు ఏదైనా డెమో క్లాసు చూడనిదే ఉద్యోగం ఇవ్వదు. ప్రభుత్వ మార్గమే కావాలనుకుంటే తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. సందేహాలు తీర్చుకోవడానికి హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ కార్యాలయం కూడా ఉంది.

నాలుగు వేలు అంటే ఎన్ని వేలు?

ఇప్పుడు మళ్లీ బల్లమీది కాగితం దగ్గరికి. '4000 దిర్హాములు' అని చూడగానే మావగారు ఫోన్లో లెక్కేశారు. తొంభై వేలు దాటింది! కళ్లు మెరిశాయి. కానీ అక్కడ బియ్యం, కూరగాయలు, బస్సు, అద్దె... అన్నీ దిర్హాముల్లోనే కొనాలి. సంపాదనని రూపాయల్లోనూ ఖర్చుని మనసులోనూ లెక్కేసుకుంటే నెలాఖరుకి ఏమీ మిగలదు. అందుకే చూడాల్సింది జీతం కాదు, మిగులు. వసతి స్కూలు ఇస్తుందా? ఇస్తే గదిలో ఎంతమంది? ఇవ్వకపోతే గది అద్దె ఎంత? రవాణా ఉందా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తేగానీ 4000 ఎంతో తెలియదు.

రెండో కిటుకు, ఆ నాలుగు వేలు ఎలా విడదీశారన్నది. తెనాలికొచ్చిన కాగితంలో మూలవేతనం 1600, అలవెన్సులు 2400 అని ఉంది. 'ఎలా ఇస్తేనేం, మొత్తం నాలుగు వేలేగా!' అనిపిస్తుంది. యూఏఈలో ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని లెక్కగట్టేది మూలవేతనం మీదే. ఏడాది దాటితే మొదటి అయిదేళ్లకి ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపైన ఏడాదికి 30 రోజుల చొప్పున ఇవ్వాలి. మూలవేతనం 1600 అయితే మూడేళ్లకి వచ్చేది 3360 దిర్హాములు. అదే 3200 మూలవేతనం, 800 అలవెన్సులుగా రాసి ఉంటే 6720. ఇంటికి నెలనెలా వచ్చే సొమ్ము ఒక్కటే. తిరిగొచ్చేనాడు చేతిలో పడేది మాత్రం రెట్టింపు!

మూడోది, వేసవి. జులై, ఆగస్టుల్లో స్కూళ్లకు సెలవులు. ఆ రెండు నెలల జీతం ఇస్తారా, ఒప్పందం పది నెలలకేనా అన్నది కాగితంలో ఉండాలి. చేరేది ఏప్రిల్‌లో కాబట్టి మొదటి ఏడాది వేసవికి పూర్తి జీతం వస్తుందా అన్నది విడిగా అడగాలి. ఏటా ఇంటికి వచ్చిపోయే విమాన టికెట్టు కూడా అంతే. చట్టం ప్రకారం అది హక్కు కాదు. ఒప్పందంలో రాస్తేనే వస్తుంది.

నాలుగోది, కుటుంబం. భర్తనో పిల్లలనో తీసుకెళ్లాలంటే 2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు 4000 దిర్హాములు, లేదా 3000తో పాటు వసతి ఉండాలి. జీతం 3900 అని రాస్తే ఆ వంద తేడాతో బిడ్డ ఇక్కడే ఉండిపోవాల్సి వస్తుంది. ఇలాంటి చోట వంద దిర్హాముల కోసం పట్టుబట్టడం అత్యాశ అనిపించుకోదు.

అయిదోది, పని. వారానికి ఎన్ని పీరియడ్లు? సెక్షన్‌కి ఎంతమంది పిల్లలు? క్లాస్ టీచర్ బాధ్యత ఉందా? ఇంగ్లిష్ టీచరుకి దిద్దే పుస్తకాలే ఎక్కువ. 24 పీరియడ్లకీ 32 పీరియడ్లకీ మధ్య తేడా రాత్రి పదకొండు గంటలప్పుడు తెలుస్తుంది.

ఇక కొన్ని రాయకపోయినా చట్టం కాపాడేవి. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ తర్వాత మానేయాలన్నా, తీసేయాలన్నా నోటీసు 30 రోజుల నుంచి 90 రోజుల మధ్య ఉండాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 'భద్రంగా ఉంచుతాం ఇవ్వండి మేడమ్' అని మర్యాదగా అడిగినా సరే, ఇవ్వనక్కర్లేదు. 'మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి' అన్న షరతు ఏదైనా ఉందేమో మాత్రం వెతికి చూసుకోవాలి.

అడిగితే పోయేదేముంది?

ఇంతవరకూ చదివింది ఒక ఎత్తు. అడగడం మరో ఎత్తు. 'అడిగితే ఉన్నది కూడా పోతుందేమో!' అన్న భయం మన టీచర్లకు ఎక్కువే. ఏటా యాజమాన్యం ఎంత పెంచితే అంతే పుచ్చుకుని, 'థాంక్యూ సర్' అని వచ్చిన అలవాటు అది. కానీ ఆఫర్ లెటర్ పంపిందంటే ఆ స్కూలు అప్పటికే పదిమందిని చూసి ఒకరిని ఎంచుకుందని అర్థం. మళ్లీ మొదట్నుంచీ వెతకడం వాళ్లకీ భారమే. మర్యాదగా అడిగిన నాలుగు ప్రశ్నలకు మంచి స్కూలు ఆఫర్ వెనక్కి తీసుకోదు. తీసుకునే స్కూలైతే, ఆ సంగతి ఇక్కడుండగానే తెలియడం అదృష్టం!

అడగడానికో పద్ధతి ఉంది. ఫోన్లో కాకుండా మెయిల్లో అడగాలి. జవాబూ రాతపూర్వకంగా రావాలి. ముందు సంతోషం చెప్పాలి, తర్వాత ఇంటి కష్టాలు ఏకరువు పెట్టకుండా పని విలువ చెప్పాలి. 'మా ఇంటి అప్పుంది' అన్న మాట స్కూలుకి అనవసరం. 'పన్నెండేళ్లుగా పదో తరగతి బోర్డు పరీక్షలకి పిల్లల్ని తయారుచేస్తున్నాను' అన్నది అవసరం. పది కోరికలు కాకుండా మూడు అడగాలి. మొదటిది తప్పక కావాల్సింది, రెండోది దొరికితే మేలు, మూడోది వదులుకున్నా ఫర్వాలేనిది. జీతం పెంచడానికి కుదరదంటే జీతంకాని వాటిని అడగొచ్చు. సొంత స్కూల్లో బిడ్డకి ఫీజు రాయితీ అలాంటిదే. స్కూలుకి దానివల్ల చేతి నుంచి పడే ఖర్చు తక్కువ, తల్లికి కలిగే లాభం ఎక్కువ.

అడిగేముందు అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న టీచరుతో ఓసారి మాట్లాడగలిగితే అంతకన్నా మంచి సలహాదారు ఉండరు. 'మీ దగ్గర పనిచేసే భారతీయ టీచరు ఒకరితో మాట్లాడించగలరా?' అని స్కూలునే అడగొచ్చు. వాళ్లని 'స్కూలు ఎలా ఉంది?' అంటే 'బాగుంది' అంటారు. 'జీతం ఏ తేదీన పడుతుంది? పోయిన ఏడాది ఎంతమంది టీచర్లు మానేశారు?' అంటే అసలు సంగతి బయటికొస్తుంది. ఏటా సగం స్టాఫ్‌రూము మారిపోయే చోట సమస్య టీచర్లలో ఉండదు.

తెనాలి టీచరమ్మ మెయిల్ రాసింది. పిల్లల చేత లేఖారచన రాయించి, దిద్ది, మార్కులేసిన చెయ్యి అది. అయినా ఆ పది వాక్యాలకు మూడు సాయంత్రాలు పట్టింది. మూలవేతనం 3200 చేయాలి, మొదటి వేసవికి జీతం ఇవ్వాలి, కొడుక్కి ఫీజు రాయితీ కావాలి. చివర్లో ఒక్క వాక్యం: 'వీసా, నియామకం ఖర్చుల నిమిత్తం ఏజెంటు లక్షన్నర అడుగుతున్నారు. ఇది మీకు తెలిసే జరుగుతోందా?'

నాలుగు రోజులు జవాబు లేదు. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడుకోలేదు. 'ఊరికే ఉన్నదాన్ని కెలికింది' అని మావగారు పక్కింటాయనతో అన్నమాట ఆమె చెవిన పడింది కూడా. అయిదో రోజు మెయిల్ వచ్చింది. మూలవేతనం 2400 చేస్తామన్నారు. మొదటి వేసవికి సగం జీతం. రెండో ఏడాది నుంచి కొడుక్కి సగం ఫీజు. ఏజెంటుకి ఏమీ ఇవ్వవద్దనీ, ఇకపై కాగితాలన్నీ నేరుగా తమకే పంపమనీ రాశారు.

అడిగినవన్నీ రాలేదు. 2400 మూలవేతనంతో మూడేళ్లకి గ్రాట్యుటీ 5040 దిర్హాములు. మొదటి కాగితం కన్నా 1680 ఎక్కువ. కానీ కొడుకు మొదటి ఏడాది ఇక్కడే ఉండాలి. ఆ సంగతి ఏ ఒప్పందంలోనూ రాయరు, ఏ అలవెన్సూ దాన్ని పూడ్చదు. ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని వాడడిగిన ప్రశ్న ఒక్కటే... 'మరి రోజూ నా హోంవర్క్ ఎవరు చూస్తారు?' 'ఫోన్లో నేనే చూస్తా నాన్నా' అంది. వాడు నమ్మాడో లేదో గానీ, మర్నాడు వాళ్ల నాన్న కొట్టు సాయంత్రం ఏడింటికే మూసి ఇంటికొచ్చాడు. ఇంగ్లిష్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు.

సంతకం ఆ తర్వాతే పడింది. ఈసారి కాగితం రెండు పేజీలు కాదు, నాలుగు. ప్రతి పేజీ చదివి, ప్రతి పేజీ కిందా పొడి అక్షరాలు వేసింది. ఓ నకలు బీరువాలో పెట్టింది, ఓ నకలు అన్నయ్యకి పంపింది. విమానం ఎక్కేవాళ్ల ఒప్పందం నకలు, పాస్‌పోర్టు నకలు, స్కూలు చిరునామా ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. ఏదైనా ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు చేయాలన్నా, అక్కడి భారత కాన్సులేట్‌ని కలవాలన్నా మొదట అడిగేది ఆ కాగితాలే.

ఇదంతా అయ్యాక అత్తగారు కోడల్ని వంటింట్లోకి పిలిచింది. 'ఇంతకీ ఆ లక్షన్నర కట్టాలా అమ్మాయ్?' అంది మెల్లగా.

'అక్కర్లేదు అత్తయ్యా.'

ఆవిడ చెయ్యి మళ్లీ మెళ్లో గొలుసు దగ్గరికి వెళ్లింది. ఈసారి తడుముకోవడానికి కాదు, చీరలోంచి పైకి తీసి వేసుకోవడానికి.